మబ్బు తమలపాకు

కడియపులంక నర్సరీలో నా పని
మొక్కలకి పేర్లు రాయడం.
పసుపు రేకు, నల్ల మార్కరు.
మూడొందల క్రోటన్లకి మూడొందల పేర్లు,
సగం నేను పెట్టినవే.
అడిగినవాడు లేడు.

ఆ చైత్రంలో అట్టపెట్టెలో వచ్చిందది,
తడి నాచులో చుట్టిన నలభై కొమ్మలు.
ఎక్కడో మబ్బు నేలకి దిగి కాపురముండే
కొండల మీది పొదట.
ఆకు చూస్తే తమలపాకుకి మేనత్త కూతురు,
కణుపు చూస్తే మిరియాల తీగకి వేలువిడిచిన చెల్లెలు,
కానీ పాకదు, నిలబడుతుంది.
పెట్టె మీది పేరు నా నోరు తిరగలేదు.
రేకు ఖాళీగానే గుచ్చాను.

"దీనికి మబ్బు కావాలంటండీ" అన్నారు తాతబ్బాయి గారు,
వేపపిండి కావాలన్నంత మామూలుగా.
ఆకుపచ్చ వల కింద పైపులు లాగించి
ఆవిరి చిమ్మే ముక్కులు బిగించారు.
గంటకి పది నిమిషాల మబ్బు,
మీటరు తిరిగే మబ్బు,
కరెంటు పోతే బిక్కమొహం వేసే మబ్బు.
రోహిణి కార్తెలో రోడ్డు మీద తారు కరుగుతుంటే
లోపల నూకరత్నం ముక్కు చివర నీటిబొట్టు.

నూకరత్నం పురుగులేరే మనిషి.
నందివర్ధనం మీద తోకకి కొమ్మున్న పురుగు,
కరివేపాకు మీద పిట్టరెట్టలా నటించే పురుగు,
ఏ ఆకుకి ఏ నోరో ఆవిడకి తెలుసు.
పాత పచ్చడి సీసాలో ఏరుకొచ్చి
సాయంత్రం లెక్క చెబుతుంది, నేను రాస్తాను:
నంది నలభై ఒకటి, నిమ్మ పదిహేడు,
ఆముదం, అబ్బో, అరవై దాటేయండి.
కొత్త మొక్క, సున్నా.

ఆ సున్నా అంటే తాతబ్బాయి గారికి ఎంత ముద్దో.
"చీడ లేని జాతయ్యా ఇది!"
పుణే హోటలు వాళ్లు నలభైకీ బయానా ఇచ్చేశారు.
నూకరత్నం మాత్రం ఆకు వెనక్కి తిప్పి గొణిగింది:
"ఎవరూ ముట్టని విస్తరిలా ఉందండి.
దీన్ని తినేవోళ్లంతా ఆ కొండ మీదే ఉండిపోయారు కామోసు."

రాత్రి నిద్ర పట్టలేదు.
పురుగు కొరికితే ఆకు చేదెక్కుతుంది,
ఆకు చేదెక్కితే పురుగు నాలుక మొండికేస్తుంది,
వియ్యంకుల తగువులా ఎన్ని వేల ఏళ్లదో.
ఇక్కడ ఆ చేదు ఎవరి మీద?
ఎవరూ రాని గుమ్మంలో
కర్ర పట్టుకుని నిలబడ్డట్టు.

భాద్రపదంలో గోదారి ఎర్రబడింది.
మూడు రోజులు కరెంటు లేదు.
పైపు మబ్బు పోయి అసలు మబ్బు నెత్తినెక్కింది.
మునగకి పాకిన తమలపాకు తీగ
గాలికి తెగి వల మీద పడింది.

నాలుగో రోజు నూకరత్నం పిలిచింది,
పిల్లకి పన్నొచ్చిందని పిలిచినట్టు.
ఆకు అంచున చిల్లు.
పెసరగింజంత.
పక్కనే దారప్పోగంత పురుగు,
నడుం ఎత్తి, జాన వేసి, మళ్లీ నడుం ఎత్తి,
పొలం బేరమాడే ఆసామిలా ఆకుని కొలుస్తోంది.
కొరికింది.
ఆగింది. మేమూ ఆగాం.
ఉప్పు చాలని కూర తిన్న పెద్దమనిషిలా
తల అటూ ఇటూ ఆడించింది.
మళ్లీ కొరికింది.

సాయంత్రం, "కొత్త మొక్క?" అన్నాను.
"సున్నా" అంది, నా మొహం చూడకుండా.
రాశాను.

లారీ వచ్చిన రోజు ముప్ఫై తొమ్మిది ఎక్కాయి.
జల్లెడైపోయిన నలభయ్యోదాన్ని
తాతబ్బాయి గారు కాలితో పక్కకి నెట్టారు.
నూకరత్నం చంకనెత్తుకుని పోయింది.

ఇప్పుడది కాలవగట్టున, ఆవిడ వంటింటి గోడ వార,
అంట్ల నీళ్ల చెమ్మలో.
ధనుర్మాసం తెల్లారగట్ల కాలవ మీంచి మంచు లేచి
గట్టెక్కి, మొక్క నడుం దాకా వస్తుంది.
మీటరు లేదు.

మొన్న వచ్చి రేకు అడిగింది.
పేరేం రాయమంటావన్నాను.
"మబ్బు తమలపాకు" అంది.
మార్కరు మూత పెట్టబోతుంటే
"కింద చిన్నక్షరాల్తో ఇంకోటండి,
మందు కొట్టరాదు అని."